ఆకాశం నుంచి దింపడం నేర్పే కోర్సు: 7,499 రూపాయలు, సగం బంగారం, మిగతా సగంలో భూమి తిరగదు

ఈ కోర్సుతో పాటు కొరియర్‌లో రావాల్సిన కిట్టు ముందు ముర్షిదాబాద్ వెళ్ళింది. పశ్చిమ బెంగాల్‌లోని ఆ జిల్లాలో కూడా ఒక బహరంపూర్ ఉంది. మాది ఒడిశా, గంజాం జిల్లా బరంపురం. సర్కారు కాగితాల్లో బ్రహ్మపుర్, ఇంగ్లీషులో బెర్హంపూర్, ఇంట్లో బరంపురం. మూడు పేర్లున్న ఊళ్ళో పుట్టినవాడికి పార్సిళ్ళు దారి తప్పడం కొత్త కాదు కాబట్టి దానికి స్టార్లు తగ్గించడం లేదు. కానీ కస్టమర్ కేర్ అమ్మాయి "మీరు తెలుగు మాట్లాడుతున్నారు కదా, అడ్రస్‌లో ఒడిశా అని తప్పుగా పెట్టారేమో చూసుకోండి" అన్నప్పుడు మాత్రం కొంచెం మండింది. ఇచ్ఛాపురం దాటి ఇటు వస్తే తెలుగు ఆగిపోతుందని ఎవరు చెప్పారో వాళ్ళకి.

సరే, విషయానికి వస్తాను. నేను కొన్నది పదకొండు వారాల ఆన్‌లైన్ కోర్సు. అంతరిక్షం నుంచి వాతావరణంలోకి తిరిగొచ్చే ప్రయోగాత్మక వాహనాలకి ఆకారం ఎలా డిజైన్ చేస్తారు, వాటి ప్రయాణం ఎలా ప్లాన్ చేస్తారు అన్నది సబ్జెక్టు. వీడియోలు, బ్రౌజర్‌లో నడిచే ఒక సిమ్యులేటర్, కొరియర్‌లో ఒక చిన్న కిట్టు, ఆదివారం రాత్రి డౌట్ల క్లాసు. సంస్థ పేరు రాయను, నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. నేను మెకానికల్ చదివి డ్రాయింగ్ పని చేసుకునేవాణ్ణి, రాకెట్లకీ నాకూ ఉన్న సంబంధం టీవీలో చూడటమే. మా చుట్టాల్లో ఒకాయన నాకు "మహేంద్రగిరిలో ఇస్రో ఉద్యోగం వస్తుందిరా" అని ఆశ పెట్టాడు, మా పక్క గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి కొండే అనుకుని. ఇస్రో ఇంజిన్లు పరీక్షించే మహేంద్రగిరి తమిళనాడులో ఉందని చెప్తే ఇప్పటికీ నమ్మడు.

మొదటి ఆరు వారాలు డిజైన్. ఇది చాలా బాగుంది, మొహమాటం లేకుండా చెప్తున్నా.

మొదటి క్లాసులోనే డిజైన్ చెప్పే టీచర్ ఒక ప్రశ్నతో పట్టేశారు. గాలిని చీల్చుకుని రావాలంటే ముక్కు సూదిలా ఉండాలి కదా, మరి కిందికి దిగే క్యాప్సూళ్ళన్నీ బోర్లించిన మూకుడులా ఎందుకుంటాయి? 1950ల మొదట్లో అమెరికాలో నాసాకి ముందున్న నాకా (NACA) సంస్థ ఏమ్స్ ల్యాబులో హ్యారీ జూలియన్ అలెన్ అనే ఆయనకి తట్టిన సంగతి ఇది. తర్వాత ఆల్ఫ్రెడ్ ఎగ్గర్స్‌తో కలిసి లెక్కలు కట్టి చూపించారు. సూది ముక్కయితే షాక్ వేవ్, అంటే ఆ వేగానికి ముందు నొక్కుకుపోయే గాలి పొర, ముక్కుకి అంటుకుపోయి వేడి ఒంటికి తగులుతుంది. మొద్దు ముక్కయితే షాక్ వేవ్ ముందుకి జరిగి నిలబడుతుంది, వాహనం పోగొట్టుకున్న శక్తిలో ఎక్కువ భాగం గాలిని కాల్చడానికే పోతుంది, ఆ గాలి పక్కలనుంచి జారిపోతుంది. మనం ఆ వేడిని తట్టుకోవడం కాదు, గాలికి అంటగట్టేయడం. ఈ ఒక్క క్లాసుకి వెయ్యి రూపాయలు ఇచ్చినా తప్పులేదు.

తర్వాత వేడి లెక్క. ముక్కు దగ్గర పడే వేడి వేగం ఘనంతో పెరుగుతుంది, ముక్కు వ్యాసార్థం వర్గమూలంతో తగ్గుతుంది. అంటే ముక్కు గుండ్రాన్ని 4 రెట్లు పెద్దది చేస్తే వేడి సగమవుతుంది. కానీ భూమి కక్ష్య నుంచి సెకనుకి 8 కిలోమీటర్ల వేగంతో వచ్చేదానికీ, చంద్రుడి నుంచి 11 కిలోమీటర్లతో వచ్చేదానికీ మధ్య ఇదే వేడి రెండున్నర రెట్లు దాటిపోతుంది. తోకచుక్క ధూళి పట్టుకొచ్చిన స్టార్‌డస్ట్ క్యాప్సూల్ 2006 జనవరిలో సెకనుకి 12.9 కిలోమీటర్లతో దిగిందని ఆయన అలా మామూలుగా అనేసి ముందుకి వెళ్ళిపోతే నేను వీడియో ఆపి రెండు నిమిషాలు అలా కూర్చున్నాను.

రెండో వారం అసైన్‌మెంట్ న్యూటన్ పద్ధతి. హైపర్‌సోనిక్ వేగంలో, అంటే ధ్వనికి ఐదు రెట్లు దాటాక, గాలి అణువులు ఇసుక రేణువుల్లా వచ్చి తగులుతాయనుకుంటే ఒత్తిడి లెక్క చాలా తేలికైపోతుంది, తలం ఎంత కోణంలో ఉందో ఆ కోణం సైన్‌ని వర్గం చేసి రెండుతో గుణించడమే. మధ్యగీతకి 45 డిగ్రీల వాలున్న శంకువుకి డ్రాగ్ కోఎఫిషెంట్, అంటే గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, సరిగ్గా 1 వస్తుంది. మార్స్ మీద దిగిన వైకింగ్ ఆకారం 70 డిగ్రీలు, దానికి 1.77. నేను 1.77 అని రాస్తే తప్పు అంది, 1.766 అని రాస్తే ఒప్పుకుంది. పేపరు దిద్దే మెషీన్‌కి దశాంశాల పిచ్చి ఉంది, ముందే తెలిసుంటే ఒక ఆదివారం మిగిలేది. న్యూటన్ పద్ధతి అంచనాకి మాత్రమే అనీ, మొద్దు ముక్కుకి ఆ 2 బదులు 1.84 దగ్గర్లో వాడతారనీ ఆయన తర్వాత క్లాసులో చెప్పారు. అంతా అంచనాయే అయినప్పుడు మూడో దశాంశం కోసం నా మార్కులు ఎందుకు కోసినట్టు?

మూడో వారం సిమ్యులేటర్. బరువు, వ్యాసం, ముక్కు వ్యాసార్థం, డ్రాగ్, దిగే కోణం, వేగం ఇస్తే ఎంత జి (మన బరువుకి ఎన్ని రెట్ల ఒత్తిడి) పడుతుంది, ఎంత వేడి, ఎక్కడ పడుతుంది అని గీతలు గీసి చూపిస్తుంది. లిఫ్ట్ (గాలి పైకి ఎత్తే బలం) సున్నా పెట్టి, సెకనుకి 7.8 కిలోమీటర్ల వేగంతో, 3 డిగ్రీల కోణంలో దింపాను, ఎనిమిదిన్నర జి చూపించింది. 6 డిగ్రీలు పెడితే 17. మనిషయితే కష్టమే. అందుకని తెలివిగా క్యాప్సూల్ బరువు సగం చేశాను. మళ్ళీ 17. వ్యాసం పెంచాను. మళ్ళీ 17. ఇనపగుండు చేశాను, 17. బూరుగు దూదిలా చేశాను, 17.

సాఫ్ట్‌వేర్ చచ్చిందనుకున్నాను. స్క్రీన్‌షాట్లు తీసి, ఎర్రగీతలు గీసి, "మీ సిమ్యులేటర్‌లో బరువు గడి పనిచేయడం లేదు, డబ్బులు తీసుకుని ఇలాంటివా పెట్టేది" అని పెద్ద మెయిల్ కొట్టాను. వాళ్ళు "మీ ఓపికకి ధన్యవాదాలు" అని అందరికీ పంపేదే పంపారు. ఆదివారం డౌట్ల క్లాసులో అడిగితే మేడమ్ నవ్వాపుకోలేకపోయారు. "అది బగ్ కాదండీ, అదే పాఠం" అన్నారు. లిఫ్ట్ లేకుండా పడే బాలిస్టిక్ వాహనానికి గరిష్ఠ జి దాని బరువు మీద గానీ సైజు మీద గానీ ఆధారపడదు. వేగం, కోణం, గాలి పైకి వెళ్ళేకొద్దీ ఎంత త్వరగా పల్చబడుతుంది అన్న మూడే లెక్కలోకి వస్తాయి. బరువైనది కిందికి చిక్కటి గాలిలోకి వచ్చాక ఆగుతుంది, తేలికైనది పైనే పల్చటి గాలిలో ఆగుతుంది, కానీ ఇద్దరికీ తగిలే దెబ్బ ఒకటే. ఇదీ ఆ అలెన్, ఎగ్గర్స్ లెక్కే. కోణం మరీ తక్కువైతే సూత్రం అంత బాగా కుదరదనీ, లిఫ్ట్ ఉంటే అసలు కుదరదనీ కూడా చెప్పారు. నా మెయిల్ మాత్రం వాళ్ళ దగ్గర రికార్డులో ఉండిపోయింది, సిగ్గుగానే ఉంది.

ఆ మేడమ్ గురించి ఒక మాట. కోర్సంతా ఇంగ్లీషే, కానీ ఆదివారం రాత్రి తెలుగువాళ్ళం ముగ్గురం నలుగురం మిగిలితే ఆవిడ తెలుగులోకి దిగిపోయేవారు. నేను పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ అర్థం కాని ట్రిమ్ యాంగిల్ అనేది ఆవిడ "తూకం ఒక పక్కకి ఉన్న కావిడి నడుస్తూ నడుస్తూ ఒక వాలులో స్థిరపడిపోతుంది చూడండి, అది" అంటే ఠక్కున ఎక్కింది.

కిట్టు ముర్షిదాబాద్ చూసొచ్చి పంతొమ్మిదో రోజున చేరింది, అప్పటికి ఆ వారం పాఠం అయిపోయింది. అందులో 3డి ప్రింట్ చేసిన 12 సెంటీమీటర్ల క్యాప్సూల్, వెనక మూత తీస్తే లోపల బరువులు జరుపుకోడానికి గాడులు. ప్రింట్ నాణ్యత బాగుంది, అంచులు నున్నగా ఉన్నాయి, ఈ పని రోజూ చూసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. బరువులు మాత్రం లేవు. పెట్టెలో వాటి ఖాళీ గళ్ళు ఉన్నాయి, పైన కాగితంలో "6 బరువులు" అని రాసి ఉంది, లోపల గాలి ఉంది. మెయిల్ పెడితే పంపిస్తామన్నారు.

నేను ఆగలేదు. గోపాలపూర్‌లో మా మావయ్య వేటకెళ్తాడు, ఆయన దగ్గర వలకి కట్టే సీసపు గుండ్లు అడిగి ఓ గుప్పెడు తెచ్చుకున్నాను. గాడిలో సరిగ్గా పట్టలేదు, బంకమట్టి పెట్టి బిగించాను. మా అక్క కొడుకూ నేనూ మూడో అంతస్తు డాబా మీద నుంచి వదలడం మొదలెట్టాం.

గుండ్లు వెనక్కి పెట్టి వదిలితే సగం దూరం రాకముందే పల్టీ కొట్టి వీపు మీద పడింది. ముందుకి, ముక్కు దగ్గరికి జరిపితే మొహం కిందికి పెట్టుకునే పడింది, కానీ నిశ్చలంగా కాదు, ఎండుటాకులా ఇటూ అటూ ఊగుతూ. ఈ ఊగుడు నిజం క్యాప్సూళ్ళకీ ఉంటుంది. హైపర్‌సోనిక్‌లో బుద్ధిగా వచ్చి, ధ్వని వేగం దగ్గరికి దిగేసరికి ఊగడం మొదలెడతాయి, అందుకే కొన్నిటికి ఇంకా ధ్వనిని మించిన వేగంలో ఉండగానే చిన్న పారాచూట్ వదులుతారు. మూడోది అసలైన ప్రయోగం. గుండ్లని ఒక పక్కకి పెట్టాను, అంటే సీజీ (బరువు కేంద్రం) మధ్యగీత మీద లేకుండా. అపోలో క్యాప్సూల్ రహస్యం ఇదే. రెక్కల్లేవు, కానీ బరువు పక్కకి ఉండటం వల్ల వాలుగా కూర్చుంటుంది, వాలు వల్ల కాస్త లిఫ్ట్ పుడుతుంది, డ్రాగ్‌లో మూడో వంతు దాకా. ఆ కాస్తతోనే బాలిస్టిక్‌గా 8 జి దాటే రష్యా క్యాప్సూల్ సోయజ్ మామూలుగా దిగేటప్పుడు 4 జి చుట్టూ ఉంటుంది. 2008 ఏప్రిల్‌లో ఒక సోయజ్ బాలిస్టిక్‌లోకి వెళ్ళిపోయి లోపలివాళ్ళకి 8 జి పైన చూపించి, దిగాల్సిన చోటుకి 400 కిలోమీటర్లకు పైగా ముందే పడింది.

మాది కూడా దిగాల్సిన చోట పడలేదు. వాలుగా జారుకుంటూ గోడ దాటి పక్కింటి మావుసీ ఎండబెట్టిన బడి మీద పడింది. బడి అంటే మన వడియాలే, ఒడియావాళ్ళు మినప్పప్పుతో పువ్వుల్లా పెడతారు. ఓ ఇరవై దాకా పిండైపోయాయి. ఆవిడ ఒడియాలో తిట్టింది, మా అమ్మ తెలుగులో తిట్టింది, పిల్లాడు మాత్రం "మామా, లిఫ్ట్ వచ్చింది" అని ఎగిరాడు. ఏ వీడియో కన్నా ఈ ఒక్క మధ్యాహ్నం ఎక్కువ నేర్పింది. అంటే కిట్టుకి పూర్తి మార్కులు, బరువుల్లేకపోయినా.

ఆరో వారంలో ఆయన జెనెసిస్ గురించి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, అదొక్కటే డిజైన్ సగంలో నాకు నచ్చలేదు. 2004 సెప్టెంబర్ 8న సౌరగాలి నమూనాలు పట్టుకొచ్చిన ఆ క్యాప్సూల్ పారాచూట్ తెరుచుకోకుండా యూటా ఎడారిలో గుద్దుకుంది. కారణం, వేగం తగ్గడాన్ని పసిగట్టాల్సిన చిన్న స్విచ్చిలు డిజైన్‌లోనే తలకిందులుగా ఉన్నాయి. ఏరోడైనమిక్స్ బాగానే ఉంది, హీట్ షీల్డ్ పని చేసింది, బాణం గుర్తు ఎటు చూపిస్తోందన్నది తప్పింది. రోజూ డ్రాయింగులు గీసే నాలాంటి వాడికి అది విని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాని మీద గంట క్లాసు పెట్టొచ్చు.

ఇప్పుడు రెండో సగం. ఏడో వారం నుంచి పదకొండు దాకా ఫ్లైట్ ప్లానింగ్. టీచర్ మారారు. మొదటాయన బోర్డు మీద గీసి చెప్పేవారు, ఈయన స్లైడ్లు చదువుతారు. చదవడం కూడా స్లైడు కన్నా నెమ్మదిగా. నేను ఒకటిన్నర స్పీడులో పెట్టి చూశాను.

విషయం లేకపోలేదు. దిగే కోణానికి రెండు వైపులా గోడలుంటాయి, మరీ తక్కువైతే వాతావరణం సరిగ్గా పట్టుకోదు, దిగే చోటు అదుపు తప్పుతుంది, చంద్రుడి నుంచి వచ్చే వేగమైతే మళ్ళీ పైకి ఎగిరిపోవచ్చు. ఎక్కువైతే జి, వేడి చంపేస్తాయి. అపోలోకి ఆ సందు ఆరున్నర డిగ్రీల దగ్గర, అటూ ఇటూ ఒక డిగ్రీ. క్యాప్సూల్‌కి లిఫ్ట్ ఎంత అన్నది మార్చుకునే వీల్లేదు కాబట్టి ఒళ్ళు దొర్లించి ఆ లిఫ్ట్‌ని పైకో పక్కకో తిప్పుతుంది, దూరం పోవాలంటే పైకి, త్వరగా దిగాలంటే పక్కకి, మరీ పక్కకి పోతోందంటే రెండో వైపుకి. యూరప్ వాళ్ళు 2015 ఫిబ్రవరి 11న ఎగరేసిన ఐఎక్స్‌వీ, రెక్కల్లేని 5 మీటర్ల పడవ లాంటిది, 412 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి, వెనక రెండు ఫ్లాపులతో దారి దిద్దుకుంటూ పసిఫిక్‌లో దిగింది. ఇవన్నీ చెప్పారు. కానీ మొదటి సగంలో గీసిన ఆకారం ఏమైపోయింది? ఈయన క్లాసులో వాహనం ఒక చుక్క. చుక్కకి డ్రాగ్ ఇంత, లిఫ్ట్ ఇంత అని ఇచ్చేస్తారు. నేను ఆరు వారాలు కూర్చుని 70 డిగ్రీలా 45 డిగ్రీలా అని కొట్టుకున్నది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. నిజానికి ఆకారమూ దారీ ఒకదాన్నొకటి తేలుస్తాయి కదా. తక్కువ జితో దిగాలంటే లిఫ్ట్ కావాలి, లిఫ్ట్ కావాలంటే సీజీ పక్కకి పోవాలి, కోణం తగ్గిస్తే ఎక్కువసేపు కాలుతుంది, అప్పుడు హీట్ షీల్డ్ మందం మారుతుంది, బరువు మారుతుంది, మళ్ళీ మొదటికి. ఇద్దరు టీచర్లూ ఒకరి వీడియోలు ఒకరు చూసినట్టు లేరు.

అసలు తప్పు తొమ్మిదో వారంలో బయటపడింది. ప్రాజెక్టు కోసం బంగాళాఖాతంలో దించమన్నారు. నేను తూర్పు దిక్కుకి వెళ్ళే కక్ష్య నుంచి దింపాను, తర్వాత సరదాకి పడమటి దిక్కుకి తిప్పి దింపాను. రెండు దారులూ అచ్చు గుద్దినట్టు ఒకే పొడవు, ఒకే జి, ఒకే వేడి. మొదటిసారి అవమానం గుర్తుండి ఈసారి మెయిల్ పెట్టే ముందు మూడు రోజులు తల గోక్కున్నాను. తర్వాత అర్థమైంది. వాళ్ళ సిమ్యులేటర్‌లో భూమి తిరగదు. మా అక్షాంశంలో నేల సెకనుకి 440 మీటర్ల దాకా తూర్పుకి పరిగెడుతూ ఉంటుంది, గాలి కూడా దాంతోపాటే. కక్ష్యలో బ్రేకు వేసినప్పటి నుంచి నీళ్ళలో పడేదాకా అరగంట అనుకున్నా దాదాపు 800 కిలోమీటర్లు. డిజైన్ నేర్చుకోవడానికి భూమిని ఆపితే పర్వాలేదు, ఎక్కడ పడుతుందో ప్లాన్ చేయమని చెప్పి ఆపితే ఏం చెప్పాలి? ఈసారి మేడమ్ నవ్వలేదు. "మీరు చెప్పింది నిజమేనండీ" అన్నారు. వచ్చే వెర్షన్‌లో చూస్తామని సంస్థ రాసింది. నేను డబ్బు కట్టింది ఈ వెర్షన్‌కి.

ఎక్కడ పడుతుంది అన్నదాని మీద, అంటే గాలి సాంద్రత కొంచెం అటూఇటూ అయితే, బ్రేకు ఒక సెకను ఆలస్యమైతే, గాలి ఎదురుతిరిగితే అన్నీ కలిపి వేలసార్లు లెక్క నడిపి నీళ్ళమీద ఒక కోడిగుడ్డు గీతలా గీస్తారే, దాని మీద మొత్తం 22 నిమిషాల వీడియో. పదకొండు వారాల్లో 22 నిమిషాలు. ఒక్క సెకను ఆలస్యం అంటే ఏడున్నర కిలోమీటర్లు. రెండు సెకన్లయితే బరంపురంలో పడాల్సింది గోపాలపూర్ బీచ్‌లో పడుతుంది.

ఈ మాట గుండ్లు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మావయ్యతో అన్నాను. అక్కడ మిలిటరీ వాళ్ళ ఫైరింగ్ రేంజ్ సముద్రం వైపే ఉంది, ఫైరింగ్ ఉన్న రోజు అటు వేటకి పోకూడదు, ఆయనకి ఇది సినిమా కథ కాదు, ఆ రోజు కూలి. వల బాగుచేసుకుంటూ అంతా విని, "ఏరా అల్లుడూ, పైకి పంపీసేక ఆలోసిస్తారేటి ఎక్కడ పడతాదో? ముందు అది సూసుకుని కదా మిగతాది కట్టుకోవాల?" అన్నాడు.

అదే వారం మేడమ్ తనంతట తాను, సిలబస్‌లో లేకుండా, కక్ష్య నుంచి తిరిగొచ్చిన మన ఇస్రో క్యాప్సూల్ ఎస్ఆర్ఈ-1 కథ చెప్పారు. అది కూడా చివర నుంచి మొదటికి. 2007 జనవరి 22 ఉదయం 9 గంటల 46 నిమిషాలకి శ్రీహరికోటకి తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో నీళ్ళని తాకింది, సెకనుకి 12 మీటర్ల వేగంతో, అంటే మన రోడ్ల మీద మోటర్‌సైకిల్ వేగం. దానికి ముందు 5 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకి 101 మీటర్లు, అక్కడి నుంచి పారాచూట్ల వంతు. దానికి ముందు 9 గంటల 37 నిమిషాలకి 100 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకి 8 కిలోమీటర్లు. తొమ్మిది నిమిషాల్లో ఆ వేగమంతా గాలికే ఇచ్చేసింది. ఇంకా వెనక్కి, జనవరి 19న దాని కక్ష్యని 485, 639 కిలోమీటర్ల మధ్య కోడిగుడ్డులా మార్చారు, మూడు రోజుల తర్వాత దిగడానికి. ఇంకా వెనక్కి, జనవరి 10న పీఎస్ఎల్వీ సీ7 మీద ఎగిరింది. 550 కిలోల బరువు. ముక్కుకి కాలిపోతూ కాపాడే కార్బన్ ఫినాలిక్, ఒంటికి సిలికా పలకలు. "నీళ్ళలో చుక్క పెట్టుకుని వెనక్కి నడవండి, ప్రతి మెట్టు దగ్గరా ఆకారం మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది" అన్నారావిడ. నేను మావయ్య మాట ఆవిడకి చెప్పాను. "ఆయన్ని పదకొండో వారానికి పిలుద్దాం" అన్నారు. అక్కడితో ఆగకుండా 2014 డిసెంబర్ 18 నాటి కేర్ మాడ్యూల్ (మనుషుల్ని తెచ్చే క్యాప్సూల్‌కి నమూనా) గురించి కూడా చెప్పారు, కక్ష్య లేకుండానే 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలితే శ్రీహరికోట నుంచి 1600 కిలోమీటర్ల దూరంలో అండమాన్ వైపు దిగింది. తర్వాత 2016 మే 23న రెక్కలున్న ఆర్ఎల్వీ-టీడీ, 65 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి మాక్ 5తో, అంటే ధ్వనికి 5 రెట్ల వేగంతో, తిరిగొచ్చి బంగాళాఖాతంలోనే. మూడూ మన సముద్రంలోనే పడ్డాయి, ప్లానింగ్ స్లైడ్లలో మాత్రం ఒక్కదాని పేరూ లేదు.

ఆ గంటన్నరని రికార్డు చేయలేదు, ఇది నా అతి పెద్ద ఫిర్యాదు. డౌట్ల క్లాసులు రికార్డు చేయరట. స్లైడ్లు చదివేవి మాత్రం జీవితాంతం చూసుకోవచ్చు.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. సిమ్యులేటర్ ఫోన్‌లో నడవదు, ల్యాప్‌టాప్ కావాలి. వానాకాలంలో మా దగ్గర కరెంటు పోతే సగం నడిచిన రన్ పోతుంది, మధ్యలో సేవ్ లేదు. గణితం పన్నెండో తరగతిది గట్టిగా వస్తే చాలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చూసి బెదరకండి, వాటిని సిమ్యులేటరే చేస్తుంది. సర్టిఫికెట్ మీద నా ఊరు పక్కన ఆంధ్రప్రదేశ్ అని వచ్చింది, మార్చమని అడిగితే కొత్తది వచ్చింది, ఈసారి ఊరి పేరే లేదు. దాంతో ఉద్యోగం వస్తుందనుకుని మాత్రం కొనకండి, ఇది ఇష్టం ఉన్నవాళ్ళకి.

ఎవరు కొనొచ్చు అంటే, ఇంజినీరింగ్ పిల్లలు మొదటి సగం కోసం కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. సగం ధరకి మొదటి సగం మాత్రం అమ్ముతారా అని అడిగాను, అమ్మరట. పండగలకి డిస్కౌంట్ ఇస్తారు, నాకన్నా రెండు వారాల తర్వాత చేరిన గుణుపూర్ కుర్రాడు 4,999కే తీసుకున్నాడు, కాబట్టి తొందరపడకండి. ఆదివారం క్లాసు తప్పకండి, అందులో కూడా చివరిదాకా ఉండండి, జనం వెళ్ళిపోయాకే అసలు పాఠం మొదలవుతుంది. మేడమ్ ఈ బ్యాచ్‌లో ఉన్నారో లేదో చేరే ముందు అడగండి. లేకపోతే నా లెక్కలో ఒక స్టారు తగ్గించుకోండి.

డిజైన్ సగానికి 5కి నాలుగున్నర, ప్లానింగ్ సగానికి 2, కిట్టుకి 4. కొరియర్‌కి స్టార్లు తగ్గించనని మొదట్లోనే అన్నాను. మా వైపు వాళ్ళు ఆర్డర్ పెట్టేటప్పుడు బ్రహ్మపుర్ అని, పక్కన గంజాం అని రాయండి, 760తో మొదలయ్యే పిన్ రెండుసార్లు చూసుకోండి.

తాజా కబురు: రాని ఆ 6 బరువులు ఎట్టకేలకి బయల్దేరాయని నిన్న మెసేజ్ వచ్చింది. ఇప్పుడే ట్రాకింగ్ చూశాను. ముర్షిదాబాద్.